‘లెక్కలేల?’ అనువారికి

కరోనా వైరసు కొత్త వేషము వేసికొని వచ్చినదను వార్త పొక్కిన ప్రతిసారియు మన దేశమున రెండు ధ్వనులు వినబడును. ఒకటి టీవీ తెర క్రింద పరుగులిడు ఎఱ్ఱని అంకెల ధ్వని. అది రెండు మూడు దినములలో అలసి ఆగిపోవును. రెండవది దానికి ప్రత్యుత్తరముగా బయలుదేరు పెద్దమనుషుల ధ్వని; అది ఆగదు. “ఇప్పటి రూపము మృదువైనది, జలుబును మించినది కాదు, ఇంక ఈ కేసుల లెక్కలును, మృతుల లెక్కలును, జన్యుక్రమముల జాబితాలును ఏల? జనులను బెదరించుటకు తప్ప అవి యెందులకు పనికివచ్చును?” అని ఈ రెండవ ధ్వని పలుకును. 2025 మే నెలలో ఎన్‌బీ.1.8.1 అను రూపము ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పరిశీలనా పట్టికకు ఎక్కి, మన దేశమున కేసులు కొన్ని వేలకు పెరిగినప్పుడు ఈ మాటను నేను రైలుపెట్టెలోను, పెండ్లిపందిటిలోను, వైద్యుని గదిముందటి బల్లమీదను వింటిని. విద్యావంతుడును పామరుడును, అధికారియు విమర్శకుడును ఏకకంఠముగా అంగీకరించు సంగతులు మనకు అరుదు. అట్టి అరుదైన ఏకాభిప్రాయములలో ఇది యొకటి. పదుగురాడిన మాట అయినంతమాత్రమున ఇది చెల్లదని చూపుటకే ఈ వ్యాసము.

ప్రతిపక్షమును చులకన చేసి ఖండించుట సులభము, నిష్ఫలము. కావున ఆ వాదమును ముందుగా దాని బలముతో కూడ చెప్పుట న్యాయము. అందు నాలుగు శాఖలు గలవు. రూపము మృదువైనది గనుక లెక్క అనవసరమనునది మొదటిది. లెక్క భయమును పుట్టించును, భయము రోగముకంటె చెడ్డదనునది రెండవది. ప్రభుత్వములు చెప్పు లెక్క ఎట్లును అబద్ధమే, అబద్ధమును పోగుచేయనేల యనునది మూడవది. లెక్క ఎవనికిని జ్వరము తగ్గింపదు, ఆ ధనమును మందులకు వ్యయింపుడనునది నాలుగవది. ఈ నాల్గింటి వెనుకను ఒక నిజమైన అలసట యున్నది. దానిని నేను కాదనను. 2020, 2021 సంవత్సరములలో ప్రభుత్వపు బులెటిన్ వెలువడు వేళకు ఇంటిల్లిపాదియు ఫోను చుట్టును మూగి, నేడు మన జిల్లాలో ఎన్ని, నిన్నటికంటె హెచ్చా తగ్గా అని, పంచాంగమున వర్జ్యము చూచుకొన్నట్లు చూచుకొన్న దినములు ఎవరికి మఱపునకు వచ్చును? ఆ అంకెలలో ఆప్తులను పోగొట్టుకొన్నవారు వానిని మఱల చూడ నిచ్చగింపకపోవుట మానవసహజము. అలసినవాడు కన్ను మూసికొన్నచో నిందింపరాదు. కాని కన్ను మూసికొనుటయే వివేకమని లోకమునకు బోధింపబూనినప్పుడు ఊరకుండుటయు తగదు.

మొదటి శాఖను చూతము. ‘మృదువైనది’ అను ఈ విశేషణము ఎక్కడినుండి వచ్చినది? అశరీరవాణి పలుకలేదు, వైరసు తన స్వభావమును తానే చాటుకొనలేదు. 2021 నవంబరు మాసమున దక్షిణాఫ్రికాలోని గౌటెంగ్ ప్రాంతపు నమూనాలలో అచ్చటి పరీక్షాశాలలవారు ఒక వింతను గమనించిరి. వారు వాడు పీసీఆర్ పరీక్ష వైరసునందలి మూడు జన్యుభాగములను వెదకును. అందు రెండు కనబడుచుండగా ‘ఎస్’ అను మూడవది కనబడుట మానినది. అట్టి నమూనాల పాలు దినదినము పెరుగుచుండెను. దానిని యంత్రదోషమని త్రోసిపుచ్చక, నమూనాలను జన్యుక్రమ పరిశీలనకు పంపి, బోట్స్వానాలో బయటపడిన ఫలితములతో సరిపోల్చి, నవంబరు 24న వారు ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేసిరి. 26న దానికి ఒమిక్రాన్ అని నామకరణము జరిగెను. ఇందులకు ప్రతిఫలముగా ధనిక దేశములు ఆఫ్రికా దక్షిణభాగమునుండి వచ్చు విమానములను నిలిపివేసినవి. దొంగను చూచి కేకవేసినవాని ఇంటికే తాళము వేసినట్లయినది. అయినను వారు లెక్క మానలేదు. ఆసుపత్రులలో చేరినవారెందఱు, వారిలో ఆక్సిజన్ అవసరమైనవారెందఱు, వారి వయస్సులేమి, అంతకుముందే ఒకసారి సోకినవారెందఱు, టీకా పొందినవారెందఱు అని వారములు తరబడి లెక్కించి, వెనుకటి డెల్టా ఉప్పెనతో పోల్చిన పిమ్మటనే, సోకినవారిలో తీవ్రరోగము పాలు తగ్గినదని జాగ్రత్తగా చెప్పగలిగిరి. అనగా మృదుత్వమను తీర్పు లెక్కకు పుట్టిన బిడ్డ. బిడ్డను చంకనెత్తుకొని తల్లిని గెంటివేయుమనువారి తర్కము నాకు బోధపడదు.

కాలము గడచిన కొలది వైరసు తనంతట తానే మెత్తబడుననుట ప్రకృతి నియమమని కొందఱు వాదింతురు. అట్టి నియమమే ఉన్నచో డెల్టా దానిని మన్నింపలేదు. ఆల్ఫా తరువాత వచ్చిన డెల్టా ఆల్ఫాకంటె వేగముగా వ్యాపించుటయే కాక అంతకంటె ఎక్కువ మందిని ఆసుపత్రుల పాలుచేసినది. నిన్నటి రూపము మెత్తనిదని చెప్పినది నిన్నటి లెక్క. నేటి రూపము మాట చెప్పవలసినది నేటి లెక్కయే కాని నిన్నటి ధైర్యము కాదు.

మృదుత్వము నిజమే అనుకొందము. లెక్క అక్కఱలేదను నిర్ణయము దానినుండి ఎట్లు వచ్చును? వేయిమందికి సోకి పదుగురిని చంపు రూపమొకటి ఉన్నదనుకొనుడు. దాని తరువాత వేయింటికి ఐదుగురినే చంపు రూపము వచ్చి నాలుగువేల మందికి సోకినదనుకొనుడు. రెండవది మొదటిదానిలో సగమే క్రూరమైనది. కాని మొదటిది పది పాడెలు కట్టింపగా ఇది ఇరువది కట్టించును. అమెరికాలో ఇట్లే జరిగినది. 2022 సంవత్సరారంభమున ఒమిక్రాన్ విజృంభించినప్పుడు ఆ దేశమున దినసరి మరణముల సగటు రెండువేల ఐదువందలు దాటి, అంతకుముందటి డెల్టా ఉప్పెన శిఖరమును మించినది. హాంగ్‌కాంగ్ కథ ఇంకను దారుణము. 2021 చివరివరకు, దాదాపు రెండేండ్లలో, ఆ నగరమున కోవిడ్ మృతులు 213 మంది. పిదప ఈ ‘మృదువైన’ రూపము ప్రవేశించి కొద్ది నెలలలోనే తొమ్మిదివేలకు పైబడి ప్రాణములను బలిగొన్నది. అచ్చటి వృద్ధులలో, అందును ఎనుబది దాటినవారిలో, పెక్కుమంది అప్పటికి టీకా వేయించుకొనకుండుట అందుకు ప్రధానహేతువు. టీకా ముందుగా విస్తృతముగా అందిన న్యూజిలాండునకు అదే ఒమిక్రాన్ వచ్చినను అంతటి మారణము జరుగలేదు. రోహిణీకార్తె ఎండ ఒక్కటియే. మేడలో ఏసీ వేసికొని కూర్చున్నవానికి అది వార్త, మిరపకల్లములో కాయలేరు కూలిదానికి అది మృత్యువు. మృదుత్వము వైరసునందు మాత్రమే ఉండు గుణము కాదు; వైరసునకును అది సోకిన శరీరమునకును నడుమనుండు సంబంధము. ఏ ఊర ఏ వయస్సువారికి అది మృదువో, ఎవరికి కాదో చెప్పగలది లెక్క తప్ప మఱియొకటి లేదు.

రెండవ శాఖ భయమును గూర్చినది. అంకెలే జనులను భయపెట్టినవని చెప్పువారు 2021 వేసవిని మఱచిరి. ఆ మే నెలలో మా వీధిలో రెండు వారములలో ఐదిండ్లనుండి నిప్పుకుండ కదలినది. ఆ పక్షమున బులెటిన్ మా జిల్లా మొత్తమునకు చెప్పిన మృతుల సంఖ్య కొన్ని దినములలో మా ఒక్క వీధి లెక్కకు అటునిటుగా నుండెను. మమ్ము భయపెట్టినది ఆ అంకె కాదు. అది చాల చిన్న అంకె, ఊరడించు అంకె. కంటికి కనబడునదియు కాగితమున కనబడునదియు ఒకదానికొకటి పొసగకపోవుటయే మమ్ము వణికించినది. చెప్పినది నమ్మరానప్పుడు చెప్పని దెంతయున్నదో ఎవడెఱుగును? అంకెకు ఒక హద్దున్నది, వదంతికి లేదు. నమ్మదగిన లెక్క లేని ఆ దినములలోనే రెమ్‌డెసివిర్ మందు సీసాలకొరకు జనులు నగలు కుదువబెట్టిరి, అక్కఱ లేనివారును ఆక్సిజన్ సిలిండర్లను ఇంట దాచుకొనిరి.

భయమెల్ల చెడ్డదనుటయు సరికాదు. కోస్తావాసులమైన మనకు ఈ సంగతి ఒకరు నేర్పవలసిన పని లేదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడినప్పుడు సుమారు పదివేల ప్రాణములు పోయినవి. నీరు ఇంటిలోనికి వచ్చువరకు రానున్నదేదో పెక్కు గ్రామములకు తెలియదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై తీరము దాటినప్పుడు ఇండ్లును చెట్లును నేలమట్టమైనవి కాని ఆంధ్రప్రదేశమున మృతుల సంఖ్య రెండంకెలలోనే నిలిచినది. నడుమ మాఱినది సముద్రము కాదు. గాలివేగమును గంటగంటకు కొలిచి, ఓడరేవులలో ప్రమాదసూచిక ఎగురవేసి, జనులను ముందుగా తరలించు ఏర్పాటు బలపడినది. పదవ నంబరు సూచిక చూచి మత్స్యకారుడు భయపడును. భయపడి పడవను ఒడ్డునకు లాగుకొనును. సూచికను దించివేసినచో గాలి తగ్గునని వాడెన్నడును అనుకొనడు. ఆ పాటి వివేకము నగరములలోని విద్వాంసులకు లేకపోవుట విచారకరము.

మూడవ శాఖయే వీనిలో బలిష్ఠమైనది. ప్రభుత్వపు లెక్కలు తప్పుల తడకలందురా? నేనును అందును, కావలసినచో మీ పక్షమున సాక్ష్యములు చేర్చి యిత్తును. 2021 జూన్‌లో బిహారు ప్రభుత్వము, పాట్నా హైకోర్టు ఆదేశముమీద లెక్కలు తిరుగవేసి, తన మృతుల సంఖ్యను 5,458 నుండి 9,429కి సవరించినది. ఆ కారణమున మఱునాటి దేశపు పట్టికలో ఒక్క దినపు మరణములు 6,148 అని అచ్చయినది. అదే జూన్, జూలై నెలలలో భారత వైద్య పరిశోధన మండలి నాల్గవ సీరో సర్వే, ఆఱేండ్లు దాటిన జనులలో నూటికి 67.6 మంది రక్తమున ప్రతిరక్షకములు ఉన్నట్లు కనుగొన్నది. టీకావలన కలిగినవానిని తీసివేసినను, అప్పటికి కాగితముమీద నున్న మూడుకోట్ల చిల్లర కేసులకును ఆ సంఖ్యకును హస్తిమశకాంతరము. మన ఆంధ్రప్రదేశమునందే, అంతకుముందటి యేండ్లలో మే నెల మరణముల నమోదు ముప్పదివేలకు లోపుగా నుండగా, 2021 మే నెలలో అది లక్షను మించినది. మహమ్మారి కాలమంతటికిని రాష్ట్రము ఒప్పుకొన్న కోవిడ్ మృతులు పదునైదువేలకు లోపే.

ఇప్పుడు నా ప్రశ్నకు బదులు చెప్పుడు. మొదటి లెక్క అబద్ధమని మీకెట్లు తెలిసినది? స్వప్నమున తోచినదా? బిహారు తప్పు తిరుగవేసిన లెక్కచేత బయటపడినది. కేసుల తప్పు రక్తపరీక్షల లెక్కచేత బయటపడినది. మరణముల తప్పు జననమరణముల రిజిస్టరులోని లెక్కచేత బయటపడినది. లెక్క అబద్ధమాడినప్పుడు దాని చేయి పట్టుకొన్నది మఱియొక లెక్కయే కాని లెక్కను ఏవగించుకొన్న తత్త్వజ్ఞాని కాడు.

ఈ విద్య నేటిది కాదు. పదునేడవ శతాబ్దమున లండను నగరములో మృతుల పట్టికలను వారమువారము అచ్చువేసెడివారు. శవమును చూచి కారణము చెప్పుటకు నియమింపబడినవారు పేద ముదుసలి స్త్రీలు. ప్లేగని వ్రాసినచో ఇంటిల్లిపాదిని లోనుంచి తలుపులు బిగింతురు గనుక బంధువులు ఆ మాటను దాచుటకు చేయవలసినదెల్ల చేయుదురు. జాన్ గ్రాంట్ అను వస్త్రవర్తకుడు ఈ పట్టికలను ముందు పెట్టుకొని కూర్చుండి 1662లో ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. 1625వ సంవత్సరపు పట్టికలో ప్లేగువలన చచ్చినవారు 35 వేలకు పైగా నుండిరి. అది దాచి చెప్పిన లెక్క యని అతడు శంకించెను. అయితే అదే పట్టికలో తక్కిన రోగములవలన చచ్చినవారు 18 వేలకు పైగా నుండిరి. మామూలు సంవత్సరములలో వారు ఏడెనిమిది వేలకు మించరు. కావున ఆ యెక్కువగా కనబడు దాదాపు పదునొకండు వేలమందియు ప్లేగు మృతులేయని అతడు తేల్చెను. అబద్ధమాడిన పుస్తకముచేతనే నిజము చెప్పించిన ఘనుడతడు. నేడు అధికమరణముల లెక్క యని వైద్యగణకులు పిలుచునది దీని సంతతియే. అయితే గ్రాంట్‌కు ఒకటి కావలసివచ్చినది: తప్పుల తడకయైనను వారము తప్పక వ్రాసిన పట్టిక. అబద్ధసాక్షిని ఎదురుప్రశ్నలతో పట్టుకొనవచ్చును; సాక్షియే లేని వ్యాజ్యము ఎదుటివానిదే.

ఇచ్చట నా పక్షమువారిలోని ఒక దోషమును దాచక చెప్పవలెను. అంకెను ద్వేషించువా రెట్లో, అంకెను పూజించువారును అట్లే లోకమునకు చేటు. ఆదివారము పరీక్షలు తగ్గి సోమవారము కేసులు తగ్గినచో రోగము పలాయనమైనదని వారు పండుగ చేయుదురు. పాత బాకీలు కలిపిన నాడు ప్రళయమని కేక వేయుదురు. నేటి కేసులకు మరణములు రెండు మూడు వారములు వెనుకబడి వచ్చునని మఱచి, కేసులు పెరుగుచున్న తొలిదినములలోనే మరణములు లేవు చూచితిరా అని చంకలు గుద్దుకొందురు. 2022 జనవరి 10న వైద్య పరిశోధన మండలి, లక్షణములు లేనివారికి పరీక్ష అక్కఱలేదని, రోగుల సన్నిహితులలో అపాయస్థితిలో లేనివారికిని అక్కఱలేదని సూచనలు వెలువరించినది. అందుకు తగిన కారణములుండవచ్చును, కాని ఆ తరువాతి కేసుల సంఖ్యను ముందటి సంఖ్యతో ఒకే త్రాసున తూచుట తగదు. చచ్చినవారిలో సగమునకు పైగా టీకా పొందినవారే, కావున టీకా వ్యర్థమనుటయు ఇట్టిదే. వేయిమంది వృద్ధులలో తొమ్మిదివందలమంది టీకా పొందినవారు, నూఱుగురు పొందనివారు. పొందనివారిలో ఐదుగురు, పొందినవారిలో తొమ్మండుగురు చచ్చిరనుకొనుడు. పదునలువురిలో తొమ్మండుగురు టీకావారే. అయినను పొందనివారి అపాయము నూటికి ఐదు, పొందినవారిది నూటికి ఒకటి. తప్పుగా చదివినవాని తప్పునకు గ్రంథమును తగులబెట్టుట ఏ శాస్త్రమునను లేదు. చదువు నేర్పుటయే కర్తవ్యము.

నాలుగవ శాఖ ధనమును గూర్చినది. లెక్క జ్వరము తగ్గింపదనుట నిజమే. కాని ఏ మందు ఏ ఊరికి ఎప్పుడు చేరవలెనో చెప్పునది అదియే. మన దేశమున వైరసు జన్యుక్రమములను పరిశీలించుటకు 2020 డిసెంబరులో ఇన్సాకాగ్ అను ప్రయోగశాలల కూటమి ఏర్పడినది. హైదరాబాదులోని సీసీఎంబీ అను పరిశోధనాలయము అందు భాగస్వామి. పాజిటివ్ నమూనాలలో నూటికి ఐదింటిని పరిశీలింపవలెనని సంకల్పము. 2021 మార్చి 24న కేంద్రప్రభుత్వము కొత్త ఉత్పరివర్తనములను గూర్చి ప్రకటించునాటికి దేశమున కేసులు కోటి దాటినవి. పరిశీలించిన నమూనాలు 10,787. సంకల్పమున ఐదవ వంతైనను నెఱవేరలేదు. డెల్టా అప్పటికే మన నడుమ తిరుగుచున్నది. మే మొదటివారమున ఒక్క దినపు కేసులు నాలుగు లక్షలు దాటినవి. ఆ ఆఱు వారములు ఆక్సిజన్ ట్యాంకర్లను కదలించుకొనుటకు చాలిన కాలము. లెక్కపై ఆదా చేసిన ధనము ఎచ్చట తేలినదో ఆ వేసవిలో ఆసుపత్రి గుమ్మములయొద్ద నిలిచినవారికి తెలియును.

అదియును గాక, లెక్క యనగా దేశములోని ప్రతి ముక్కునందును పుల్ల దూర్చుట యని మన వాదులు తలంతురు. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండెడును పిసుకనక్కఱలేదు, ఒక్క మెతుకు చాలునని మన యిండ్లలో పసిపిల్లలకును తెలియును. అయితే ఆ మెతుకు ఎచ్చటిదో చూడవలెను: పైపైన తీసిన మెతుకు పైమాటయే చెప్పును, గరిటెతో అడుగునుండి కలిపి తీసినది కుండ మాట చెప్పును. ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే పరీక్షించుట పైమెతుకు. ఇంటినుండి ఇంటికి యాదృచ్ఛికముగా ఎంచి పరీక్షించుట కలిపి తీసిన మెతుకు. బ్రిటనులో జాతీయ గణాంక కార్యాలయము 2020 నుండి 2023 వరకు ఇట్టి సర్వే నడపినది. ప్రజలు పరీక్షలు మానివేసినను రోగము ఎచ్చట నున్నదో ఆ దేశమునకు తెలియుచునే యుండెను. అంత ధనము లేదందురా? మన భాగ్యనగరమే మార్గము చూపినది. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధనాలయముల శాస్త్రజ్ఞులు హైదరాబాదు మురుగునీటి శుద్ధికేంద్రముల నమూనాలను పరిశీలించి, ఆ కొద్దివారములలో నగరమున సుమారు 6.6 లక్షల మందికి వైరసు సోకియుండునని అంచనా వేసిరి. అప్పటికి తెలంగాణమంతటి అధికారిక కేసులు లక్షకు అటునిటు. మురుగుకాలువ ఎవని పేరును అడుగదు, ఎవనిని బెదరింపదు, ఏ అధికారి మాటను మన్నింపదు. కొత్త రూపము ఊరిలో అడుగిడినదో లేదో ఆసుపత్రి చెప్పుటకు ముందే అది చెప్పగలదు. ఇంత చౌకగా లభించు జ్ఞానమును ధనాభావమువలన వదలితిమనుట చెల్లదు.

నిజమునకు మనము వదలినది కేసుల లెక్క మాత్రమే కాదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటి ఇరువది లక్షలనుండి రెండు కోట్లవరకు ప్రాణములను తీసినదని వివిధ పండితుల అంచనాలు. పల్లెల మరణముల రిజిస్టరులు నాడు గ్రామోద్యోగుల చేతిలో నుండెను. పేరు తెలియని ఆ చావులలో పెక్కు ‘జ్వరము’ అను గడిలోనే చేరినవి. అయినను 1921 మార్చిలో పరప్రభుత్వము జనాభా లెక్కలు జరిపినది; ఆ దశాబ్దమున దేశజనసంఖ్య పెరుగుటకు మాఱు తగ్గినదని, నేటివరకు అట్లు తగ్గిన దశాబ్దము అదియొక్కటియేయని లోకమునకు తెలిసినది. జ్వరపు గడిలో దాగిన చావులకు ఆ జనగణన సాక్ష్యము పలికినది. సరిగా నూఱేండ్ల తరువాత, 2021లో, మన స్వప్రభుత్వము జరుపవలసిన జనగణన జరుగలేదు. అది 2027కు వాయిదాపడినది. మహమ్మారివలన గణన ఆగుట కొంతకాలము సమంజసమే. మహమ్మారి తరలిపోయిన పిమ్మటను ఏండ్లు గడచుట మాత్రము ఉదాసీనతయే. ఆ ఉదాసీనతకు ధైర్యము చెప్పునది ‘లెక్కలేల’ యను మన మెత్తని లోకాభిప్రాయమే.

2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020, 2021 సంవత్సరములలో భారతదేశమున అధికమరణములు సుమారు 47 లక్షలని అంచనా వేసినప్పుడు మన ప్రభుత్వము ఆ గణితపద్ధతిని ఆక్షేపించినది. ఆక్షేపించుటకు ఎవరికైనను హక్కుగలదు. కాని ఎదుటివాని అంచనాను కొట్టివేయు ఉత్తమసాధనము తన యొద్దనున్న రిజిస్టరును వెంటనే తెఱచి చూపుట. ఆ రిజిస్టరు 2025 మే నెలలో తెఱువబడినది. 2019లో 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలుగా నున్న నమోదైన మరణములు 2021లో 1.02 కోట్లకు ఎగబ్రాకినవి. ఒక్క యేట పెరిగినది ఇరువది లక్షల పైచిలుకు. ఆ యేట అధికారికముగా కోవిడ్ ఖాతాలో వ్రాసినవి మూడు లక్షల ముప్పదివేల ప్రాంతము. నమోదు మెఱుగుపడుటవలన కొంత, జనసంఖ్య పెరుగుటవలన కొంత తీసివేయుడు. మిగులునది అప్పటికిని చిన్నది కాదు. ఇదే కాలమున దక్షిణాఫ్రికాలో అచ్చటి వైద్య పరిశోధన మండలి, కేప్‌టౌన్ విశ్వవిద్యాలయముతో కలిసి, అధికమరణముల లెక్కను వారమువారము ప్రకటించుచు వచ్చినది. అధికారిక మృతులు లక్ష యనుచుండగా అధికమరణములు మూడు లక్షలని దాపఱికము లేక చెప్పినది. వారికి వారమైనది, మనకు నాలుగేండ్లు.

నేను కోరునది తెరపై పరుగులిడు ఎఱ్ఱని అంకెలు కావు. అవి పోయినచో నాకు చింత లేదు. జిల్లావారిగా అన్ని కారణముల మరణములను నెలనెలా ప్రకటింపుడు. నగరముల మురుగునీటిని పరీక్షించుచు ఫలితమును దాచకుడు. ఆసుపత్రిలో చేరిన ఊపిరితిత్తుల రోగులలో కొందఱి నమూనాలనైనను విడువక జన్యుపరిశీలనకు పంపుడు. ఇంత చేసిన పిమ్మట రూపము మృదువైనదని మీరు చెప్పినచో నేను చేతులు జోడించి నమ్ముదును.

ఇవి చేయనిచో లెక్క ఆగిపోవునని అనుకొనకుడు. అది ఇతరుల నెత్తిన పడును. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమోదముతో కోవిడ్ మృతుల కుటుంబములకు ఏబదివేల రూపాయల పరిహారము ఏర్పడినది. తెలంగాణమున అధికారిక మృతులు నాలుగువేలకు లోపుగా నుండగా, మఱుసటి జనవరినాటికి వచ్చిన దరఖాస్తులు దాదాపు ఇరువదితొమ్మిదివేలు. అందు కొన్ని కల్లలుండవచ్చును. అయినను పదునైదువేలకు పైబడినవానికి ప్రభుత్వమే అప్పటికి సొమ్ము చెల్లించినది. బులెటిన్ లెక్కింపని ఆ మృతులను ఎవరు లెక్కించిరి? భర్త ఆధారుకార్డును, పరీక్ష చీటీని, మరణధ్రువపత్రమును ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని, మీసేవ కేంద్రము ముందు వరుసలో నిలుచుండి, లోనికి పోయిన పిమ్మట “మా ఆయన కరోనాతోనే పోయినాడయ్యా” అని గుమాస్తాతో పదే పదే చెప్పి ఒప్పించవలసివచ్చిన స్త్రీలు లెక్కించిరి. అక్షరము రానివారును వారిలో ఎందఱో. ఆ వరుసలో నిలిచినవారిని ఎవరును ‘లెక్కలేల’ అని అడుగలేదు.